జాబితాలో లేని పేజీ

“సంతకం పెట్టేటప్పుడు ఒక్కసారైనా వాడి మొహం గుర్తు రాలేదా నీకు?”

అత్తగారు ఆ మాట అనడం పొద్దుటినుంచి ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ గోడతో అన్నట్టు అన్నారు. ఈసారి కోడలి మొహంలోకి చూసి అడిగారు.

ఆమె టీ కప్పు తెచ్చి భర్త ముందు పెట్టింది. అతను తల ఎత్తలేదు. భోజనాల బల్ల మీద, విచారణవాళ్ళు అడిగిన సంజాయిషీ కోసం, తెల్లకాగితం ఉంది. దాని మీద నాలుగు వాక్యాలు రాసి, నాలుగూ కొట్టేశాడు.

“తన మీద పెట్టలేదు అత్తయ్యా సంతకం. మెషీన్‌లో తప్పు లేదని రాశాను. అంతే.”

“మెషీన్‌లో తప్పు లేకపోతే ఇంక మిగిలిందెవరు? అక్కడ ఉన్నది ఇద్దరే. ఆ మెషీన్, వీడు.”



అతను అంబులెన్సుల కంట్రోల్ రూమ్‌లో షిఫ్టు సూపర్‌వైజరు. ఆ కంట్రోల్ రూమ్‌ని నడిపే సర్వర్లు చూసుకునే ఇంజనీరు ఆమె. తొమ్మిదేళ్ళ కాపురంలో ఇద్దరి ఉద్యోగాలూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. గురువారం సాయంత్రం నాలుగూ పదికి వచ్చాయి.

ఆ నిమిషంలో ఒక దర్జీ కుట్టుమిషను మీదే ఒరిగిపోయాడు. అతని భార్య ఫోన్ చేసింది. ఆ రోజు మనుషులు తక్కువై సూపర్‌వైజరే ఒక సీట్లో కూర్చున్నాడు. తెరమీద పాత వంతెన వీధి అని చూశానన్నాడు. చూసి, పంపే బటన్ నొక్కానన్నాడు. అంబులెన్సు మాత్రం నీళ్ళ ట్యాంకు సందుకి వెళ్ళింది. అంతకు ముందు ఫోన్ చేసినవాళ్ళ ఇల్లది. పంతొమ్మిది నిమిషాలు పోయాయి. దర్జీ ప్రాణం దక్కింది గాని, నాలుగు రోజులైనా కళ్ళు తెరవలేదు.

రికార్డులో నీళ్ళ ట్యాంకు సందు అనే ఉంది. సరిగ్గా అదే నిమిషంలో ఆమె ఆ సిస్టమ్ మొత్తాన్ని, పని ఆపకుండానే, పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మార్చి, కాసేపు నడిపి, వెనక్కి తెచ్చే రిహార్సల్ చేసింది. అందుకే విచారణవాళ్ళు ఆమెను కూడా అడిగారు. మెషీన్ తప్పు చేసిందా అని. లేదని ఆమె రాసిచ్చింది.

“అమ్మా, ఇంక వదిలెయ్,” అన్నాడు అతను. “నేనే పక్క లైను మీద నొక్కి ఉంటాను.”

“నొక్కి ఉంటావా? నొక్కావా? ఏదో ఒకటి చెప్పు.”

“గుర్తులేదు.”

“మొన్నటిదాకా గుర్తుందన్నావు.”

“మొన్నటిదాకా ఉంది.”

 టీ మీద మీగడ కట్టింది.

అత్తగారు కుర్చీ లాక్కుని కోడలికి ఎదురుగా కూర్చున్నారు. “నాకు అర్థమయ్యేలా చెప్పు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. మరీ మొద్దుని కాదు. ఏం చేశావు ఆ రోజు?”

“సర్వర్ మెమరీ అంతా పేజీలు పేజీలుగా ఉంటుంది అత్తయ్యా. లక్షల పేజీలు. కంట్రోల్ రూమ్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. అందుకని పని జరుగుతుండగానే ఆ పేజీలన్నీ కొత్త సర్వర్‌కి కాపీ చేస్తాం. ఈలోపు కొన్ని మారిపోతాయి కదా. మారినవి మళ్ళీ పంపుతాం. మళ్ళీ మారినవి మళ్ళీ. చివరికి కాసిని మిగిలాక రెప్పపాటు ఆపి, అవి కూడా పంపేసి, కొత్తదాంట్లో పని మొదలుపెడతాం.”

“ఏవి మారాయో నీకెలా తెలుస్తుంది?”

“ఇదివరకైతే ప్రతి పేజీకీ తాళం వేసేవాళ్ళం. రాయబోయిన ప్రతిసారీ తాళం దగ్గర ఆగి, మాకు తెలిశాకే రాయాలి. అలా ఆగీ ఆగీ సిస్టమ్ నత్తనడక నడిచేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ప్రాసెసర్ చిప్పే, తను ఏ పేజీలో రాస్తే దాని నంబరు తనే ఒక జాబితాలో వేసుకుంటూ పోతుంది. గురువారం నాటి జాబితా మూడుసార్లు సరిచూశాను. అందులో ఉన్న ప్రతి పేజీ కొత్తదానికి చేరింది. ఒక్కటీ తప్పలేదు.”

“జాబితాలో ఉన్నవి చేరాయి. సరే. లేనివో?”

“లేనివి మారలేదు. మారలేదు కాబట్టే లేవు.”

అత్తగారు నవ్వారు. నవ్వులో సంతోషం లేదు.

“మా ప్రెస్సులో ఫోర్‌మన్ ఒకడుండేవాడు. నేను దిద్దిన ప్రతి పేజీ నంబరూ నా నోటుబుక్కులో వేసుకునేదాన్ని. ఒకసారి అచ్చుకి పోయే ముందు వాడు నాకు చెప్పకుండా తనే చెయ్యిపెట్టి రెండు వరుసలు అటూ ఇటూ చేశాడు. తప్పుతోనే అచ్చయింది. నా నోటుబుక్కులో ఆ పేజీ లేదు. లేదంటే మారలేదనేగా అర్థం, మరి తప్పు ముందునుంచీ ఉంది, నువ్వే చూడలేదు అన్నారు. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నీలాంటివాళ్ళే. మూడుసార్లు సరిచూసినవాళ్ళే.” ఆవిడ గొంతు పెంచారు. “ఆ చిప్పు కాకుండా మీ పేజీల మీద చెయ్యిపెట్టేవాళ్ళు ఇంకెవరూ లేరా?”

“లేరు” అనబోయింది ఆమె.  

ఫోన్ లైన్లను సర్వర్‌కి కలిపే కార్డు.

 లేచి బ్యాగు అందుకుంది. చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూరలేదు.

“ఎక్కడికి?” అన్నాడు అతను. ఆ రోజు అతను ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

“ఆఫీసుకి. ఆ కాగితం ఇప్పుడే ఇవ్వకు. నేను ఫోన్ చేసేదాకా ఆగు.”

“ఎందుకు?”

“చెప్తాను. ఇంకా తెలీదు.”

తేలకుండా అతనికి ఆశ పెట్టడం ఇష్టం లేకే చెప్పలేదని మెట్లు దిగుతూ తనకు తాను సర్దిచెప్పుకుంది. అది సగమే నిజం. మిగతా సగం భయం.

*

ఏ పనికైనా “నిదానం, నిదానం” అంటాడని ఆమె పైఅధికారికి ఆఫీసులో ఆ పేరే స్థిరపడింది. ఆరోజు నిదానంగారి మొహంలో నిదానం లేదు. సర్వర్ల గది తలుపు దగ్గరే ఎదురొచ్చాడు.

“పాత సర్వర్ ఫ్యాన్లలో ఒకటి ఆగిపోయింది. రెండోది మూలుగుతోంది. విడిభాగం రావడానికి నాలుగు రోజులంటున్నారు. మూడింటికల్లా మార్చెయ్యాలి. ఇంక రిహార్సల్ కాదు, ఇదే అసలుది.”

“మార్చేముందు నాకు రెండు గంటలు కావాలి సార్.”

“దేనికి?”

“నేను తప్పు రాసిచ్చానేమో చూసుకోవాలి.”

ఆయన ఆమె మొహం చూశాడు. పరీక్షలకని పక్కన పెట్టుకున్న సర్వర్లు రెండున్నాయి, వాటి తాళంచెవి ఇచ్చాడు. అవీ పాత సర్వర్ రకానివే, వాటిలోనూ అదే కార్డు.

ఆమె ఒకదాంట్లో కంట్రోల్ రూమ్ నకలు నడిపించింది. దొంగ ఫోన్ కాల్స్ వదిలింది. ఒక్కో కాల్ వచ్చే సమయానికే రెండో సర్వర్‌కి మార్చింది. కొత్త కాల్ చిరునామా సరిగ్గా చేరిందా లేదా అని చూసింది. మొదటి పదకొండుసార్లూ సరిగ్గానే వచ్చింది. ప్రతిసారీ ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. ఆ ఊపిరి ఎవరి కోసమో తలుచుకుంటే సిగ్గేసింది. మెషీన్‌లో తప్పు లేకపోతే తప్పు అతనిదే కదా.

పన్నెండోసారి పాత చిరునామా వచ్చింది.

నలభైసార్లు చేసేసరికి మొత్తం మూడుసార్లు అలా వచ్చింది. ఆమె ఆ మూడింటినీ కాగితం మీద అచ్చు తీసి నిదానంగారి బల్ల మీద పెట్టింది.

“లైన్ల కార్డు సార్. వేగం కోసమని దానికి మెమరీలోకి నేరుగా దారి ఇచ్చాం. ఫోన్ రాగానే ఎవరు, ఎక్కణ్ణించి అన్నది కార్డే పేజీలో రాసేస్తుంది. ప్రాసెసర్ చేతుల మీదుగా పోదు. ప్రాసెసర్ జాబితాలోకి ఎక్కదు. ఆ పేజీ అప్పటికే కాపీ అయిపోయి ఉంటే మళ్ళీ వెళ్ళదు. కొత్త సర్వర్‌లో ముందు కాల్ చిరునామాయే ఉండిపోతుంది.”

“కార్డు రాతలకు వేరే జాబితా ఉండాలి కదా?”

“కొత్త సర్వర్‌లో ఉంది. పాతదాంట్లో ఆ సదుపాయం లేదు. లేనప్పుడు కార్డు ముట్టుకోగల పేజీలన్నీ మారినట్టే అనుకుని, చివరి విరామంలో మొత్తం పంపాలి.”

“అలాగే ఉండేది కదా?”

“ఉండేది. నేనే తీసేశాను.”

నాలుగు సెకన్ల విరామాన్ని సెకనులో మూడో వంతుకు తగ్గించిందని పోయిన నెల మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు కొట్టింది నిదానంగారే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. 

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు.

“విను. ఇవాళ ఆ పాత పద్ధతిలోనే చేద్దాం. నాలుగు సెకన్ల విరామానికి నువ్వెళ్ళి కంట్రోల్ రూమ్ అనుమతి అడుగు, ముందుజాగ్రత్త అని చెప్పు. ఆ గురువారం రిపోర్టు మాత్రం కదపకు. ముందీ గండం గట్టెక్కనీ. తరవాత నిదానంగా చూద్దాం.”

“ఆయన ఉద్యోగం పోతుంది సార్.”

“కదిపితే నీది పోతుంది. నాదీ పోతుంది. ఇంట్లో ఒక్క ఉద్యోగమైనా మిగలాలా వద్దా?”

ఆమె బయటికొచ్చి భర్తకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి అత్తగారు ఎత్తారు.

“వాడు లేడు. ఫోన్ బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.”

“ఎక్కడికి అత్తయ్యా?”

“ఇంకెక్కడికి, కాగితం ఇవ్వడానికి. నేనే పొరపాటున పక్క లైను మీద నొక్కాను అని రాశాడు. చదివి వినిపించాడు కూడా. అక్షరం పొల్లు పోకుండా రాశాడు, చిన్నప్పుడు కాపీ రాసినట్టు.”  పొద్దున్న అరిచిన గొంతు కాదది. “ఏమైనా దొరికిందా?”

“మీ ఫోర్‌మన్ లాంటివాడు ఇక్కడా ఉన్నాడు అత్తయ్యా.”

అవతల కుర్చీ లాగిన చప్పుడు.

“వాణ్ణి లోపలికి రానిచ్చింది నేనే,” అంది ఆమె.

అత్తగారు తిట్టలేదు. “ముందు వాడి దగ్గరికి వెళ్ళు,” అన్నారు. “మిగతావి ఇంటికొచ్చాక.”

*

కంట్రోల్ రూమ్ రోడ్డుకి అవతలి భవనంలో, మూడో అంతస్తులో ఉంది. వరండా పొడుగునా అద్దాల గోడ. అద్దాల వెనక ఎనిమిది సీట్లు, ఎనిమిది తెరలు, చెవులకు ఫోన్లు తగిలించుకున్న ఎనిమిదిమంది. ఎవరూ వరండా వైపు చూడటం లేదు. చూడకూడదని చూడటం లేదు.

అతను బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా విచారణ గది తలుపు మూసి ఉంది.

“ఇచ్చేశాను,” అన్నాడు ఆమె అడగకముందే. “చదువుతున్నారు. పిలుస్తామన్నారు.”

“ఆగమన్నాను కదా!”

“ఎందుకో చెప్పలేదు కదా.”

ఆమె పక్కన కూర్చుంది. కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. నలభైలో మూడు. కార్డు గురించి చెప్పింది, తను తీసేసినదాని గురించి చెప్పింది. దాచకుండా, తగ్గించకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ అద్దాల వెనక ఫోన్లు ఎత్తుతూ పెడుతూ ఉన్నారు.

“నువ్వు పాత వంతెన వీధే చూశావు. తెరమీద అదే ఉంది. నువ్వు నొక్కేలోపు సర్వర్ మారిపోయింది. కొత్తదాంట్లో పాత చిరునామా ఉంది. అంబులెన్సుకి అది వెళ్ళింది. నీ తప్పేం లేదు.”

అతని మొహం తేటపడుతుందనుకుంది. పడలేదు.

“నిన్న ఆస్పత్రికి వెళ్ళాను,” అన్నాడు.

“నాతో చెప్పలేదు.”

“ఆ దర్జీ భార్యతో చెప్పాను, నేనే తప్పు చేశానని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ జరిపి కూర్చోమంది. ఇద్దరం కూర్చున్నాం, గంటసేపు. ఆవిడ మధ్యలో ఒక్కసారి అడిగింది, మీకు పిల్లలున్నారా బాబూ అని.”

ఆమె అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను చెయ్యి తీసేసుకోలేదు గాని, తనూ పట్టుకోలేదు.

“నీకు తెలుసా,” అన్నాడు మెల్లగా, “మొదటి రెండు రోజులూ నాకు ఖాయంగా గుర్తుంది. వంతెన వీధి. అక్షరాలు కళ్ళ ముందే ఉన్నాయి. నువ్వు రాసిచ్చిన కాగితం చూశాక ఒక్కో అక్షరమే చెరిగిపోతూ వచ్చింది. నువ్వు తప్పు రాయవు కదా. అందుకని నేనే తప్పు చూసి ఉంటానని... నిన్న రాత్రికి నీళ్ళ ట్యాంకు సందు అనే గుర్తొస్తోంది నాకు. చూడనిది గుర్తొస్తోంది.”

 అతను తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది.

అతను కాగితం మళ్ళీ చూశాడు. ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు.

“ఆ మార్పు ఎప్పుడు చేశావు?”

“పోయిన నెల మొదట్లో.”

“అప్పట్నించి ఎన్నిసార్లు మార్చావు, అటూ ఇటూ?”

“ఆరు రిహార్సళ్ళు.”

“తేదీలు కావాలి. టైములతో సహా.”

ఆమె ఫోన్ తెరిచి చదివింది. మొదటిది. రెండోది. మూడోది పోయిన నెల పద్నాలుగు, మంగళవారం, ఉదయం పదకొండూ నలభై.

“ఆగు. అది మళ్ళీ చదువు.”

చదివింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

“పిచ్చుక,” అన్నాడు.

ఆమెకు తెలిసిన పేరే. సన్నని గొంతు, చురుకైన మాట, అందుకే అందరూ పిచ్చుక అనేవారు. రెండో సీట్లో కూర్చునేది. ఏడేళ్ళ సర్వీసు. పోయిన నెలలో ఉద్యోగం మానేసిందని ఎవరో అన్నారు.

“మానెయ్యలేదు,” అన్నాడు అతను. “తీసేశారు. ఆ మంగళవారమే, ఆ టైముకే. ఒక గర్భిణి ఇంటికి పంపాల్సిన అంబులెన్సుని ఇంకో పేటకు పంపింది. తల్లీబిడ్డా బతికారు, అదృష్టం. నేను చూసింది వేరే సార్ అని నా ముందు నిలబడి ఏడ్చింది. నా కళ్ళతో చూశాను సార్ అంది. రికార్డు తెరిచి చూపించాను. రికార్డు అబద్ధం చెప్తుందా అన్నాను. ఆ రిపోర్టు రాసింది నేనే.”

ఆమె ఏదో అనబోయేంతలో చేతిలో ఫోన్ మోగింది. నిదానంగారు.

“రెండో ఫ్యాను కూడా పోయింది. పది నిమిషాలు కూడా ఆగేలా లేదు. వేడెక్కి తనంతట తను ఆగిపోయిందంటే అన్ని లైన్లూ చచ్చిపోతాయి. అనుమతి సంగతేమైంది? నాలుగు సెకన్లా, లేకపోతే మామూలుగానే కొట్టెయ్యనా?”

“మామూలుగా వద్దు సార్! రెండు నిమిషాలు.”

అప్పుడే తలుపు తెరుచుకుంది. కంట్రోల్ రూమ్ పెద్ద అధికారి తనే బయటికొచ్చింది. పొట్టి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి ఉంది, చేతిలో అతని కాగితం.

“రండి లోపలికి. మీరొక్కరే.”

“నేనూ రావాలి మేడమ్,” అని ఆమె లేచి నిలబడింది.  “ఆయన రాసింది నిజం కాదు. నేను రాసిచ్చినదీ నిజం కాదు. ముందు మీ అనుమతి కావాలి. ఇప్పుడే.”

నిలబడే చెప్పింది. మూడు వాక్యాల్లో చెప్పింది. అధికారి కళ్ళజోడు కిందికి దించి నలభైలో మూడు ఉన్న కాగితం చదివింది.

“తెలిసే రాసిచ్చారా?”

“తెలీక రాశాను. తెలుసుకుని రాయాల్సింది.”

“ఆ నాలుగు సెకన్లలో ఎవరైనా ఫోన్‌లో ఉంటే?”

“లైను తెగదు. మాట వినపడదు, అంతే. తరవాత ప్రతివాళ్ళూ చిరునామా మళ్ళీ నోటితో అడిగి సరిచూసుకోవాలి.”

“అది నేను చెప్తాను వాళ్ళకి,” అన్నాడు అతను.

“మిమ్మల్ని ఆ గదిలోకి వెళ్ళొద్దన్నాం,” అంది అధికారి.

“అన్నారు.”

 “సరే, చెయ్యండి,” అని ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అతను అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఒక్కో సీటు దగ్గరా వంగి చెవిలో చెప్పాడు. ఎనిమిదిమందీ ఒకరి తరవాత ఒకరు తల ఊపారు. ఆఖరి మనిషి బొటనవేలు ఎత్తాడు. ఆమె వరండాలోంచి ఫోన్‌లో అంది: “కార్డు పేజీలన్నీ కలిపి పంపండి సార్. కానివ్వండి.”

పేజీలు వెళుతున్నాయని నిదానంగారు అంకెలు చదువుతున్నాడు. లక్షలు, వేలు, వందలు. “విరామం,” అన్నాడు.

అద్దాల వెనక ఎనిమిది తెరలూ కదలకుండా నిలిచిపోయాయి. నాలుగో సీటులో ఒకావిడ ఫోన్ చెవికి నొక్కుకుని, ఊపిరి బిగపట్టి, ఎదుటి గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ లైనులో ఎవరో ఉన్నారు. ఒకటి. రెండు. అవతలి మనిషికి అది ఎంతసేపు అనిపిస్తుందో ఆమె ఊహించలేకపోయింది. మూడు. అధికారి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగు.

తెరలు కదిలాయి. నాలుగో సీటు ఆవిడ పెదాలు కదిలాయి, చిరునామా అడుగుతోంది. తెర మీద వేలు పెట్టి చదువుతోంది. తల ఊపింది. అతను ఆవిడ భుజం మీదుగా తెర చూసి, వరండా వైపు తిరిగి, తనూ ఊపాడు.

“వచ్చేసింది,” అన్నాడు నిదానంగారు ఫోన్‌లో. “పాతది ఆపేస్తున్నా.” ఆ తరవాత గొంతు తగ్గించి, “చెప్పేశావా?” అన్నాడు.

“చెప్పేశాను సార్.”

ఆయన ఫోన్ పెట్టేశాడు.

“మీ ఇద్దరి సంగతీ సాయంత్రం ఐదింటికి,” అంది అధికారి. గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు. “ఇద్దరూ రండి. ఆ ఆరు తేదీల్లో వచ్చిన కాల్స్ అన్నీ బయటికి తీయిస్తాను. ప్రతి ఒక్కటీ.” లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అతను బయటికొచ్చాడు.  ఆమె ముందు నిలబడి చెయ్యి చాచాడు.

“నీ ఫోన్ ఇవ్వు.”

“ఎవరికి?”

చెప్పలేదు. ఏడేళ్ళు షిఫ్టులు సర్దడానికి కొట్టిన నంబరు, చూడకుండానే నొక్కాడు. స్పీకరు పెట్టాడు. ఆమె వినాలని పెట్టాడో, ఒక్కడే వినలేక పెట్టాడో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగుసార్లు మోగింది.

“హలో, ఎవరండీ?” సన్నని గొంతే. చురుకు లేదు.

“నేనమ్మా.” అన్నాడు అతను. “కంట్రోల్ రూమ్ నుంచి.”

 అటువైపు నీళ్ళ చప్పుడు, కుళాయి కట్టేసిన చప్పుడు.

“సార్,” అంది పిచ్చుక. తరవాత గబగబా, ఎవరో తరుముతున్నట్టు మాట్లాడింది. “మీరు చెప్పింది నిజమే సార్. నేనే సరిగ్గా చూడలేదు. ముందు ఒప్పుకోలేకపోయాను గాని ఇప్పుడు నాకూ అలాగే గుర్తొస్తోంది. ఆ తల్లి ఇంటికి కూడా వెళ్ళొచ్చాను, క్షమించమని అడిగాను. మీరే ఫోన్ చేశారంటే... ఇంకోటేదైనా బయటపడిందా సార్, నా తప్పు?”